కేసముద్రం కోటపోతు

బుధవారం పొద్దున ప్రభాకర్ పెట్టుకున్న పనులు మూడు. ఇంట్లో ఉప్మా తినాలి. నిరాహార దీక్ష శిబిరానికి వెళ్లి సంఘీభావం తెలపాలి. ఆ రెండింటి మధ్య గోదాం వెనక తలుపుకు కొత్త తాళం వేయాలి. మొదటి పని సజావుగా జరిగింది.

అది రెండువేల పదకొండు, సకల జనుల సమ్మె కాలం. ఆఫీసులు, బడులు, బస్సులు ఆగిపోయాయి. కేసముద్రం మార్కెట్ యార్డు గేటుకు గొలుసు పడింది. ప్రభాకర్ ఆ యార్డులో అడ్తి వ్యాపారి. రైతు తెచ్చిన గింజ కొని బయటికి పంపడం తాత నాటి నుంచి ఆ ఇంటి పని. సమ్మె మొదలైన రోజే వర్తకులు ఆయన్ని తమ జేఏసీకి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆయన తన గోదాం షట్టర్ మీద 'తెలంగాణ వచ్చేదాకా తెరవం' అని బ్యానర్ కట్టించాడు. మాట తప్పలేదు. ఆ షట్టర్ తెరవలేదు.

తెరిచింది వెనక తలుపు. మొక్కజొన్న కోతలయి మక్కలు చేతికొచ్చే రోజులవి. యార్డు మూసి ఉంది, వాన ఆగడం లేదు, ఇంట్లో పోసిన మక్కలు మొలకెత్తుతున్నాయి. రైతులు తెల్లవారుజామున ట్రాక్టర్లు తెచ్చి వెనక సందులో నిలిపేవారు. ధర ప్రభాకర్ చెప్పేవాడు, రైతు తలూపి అక్కడికక్కడే డబ్బు లెక్కపెట్టుకునేవాడు. తెల్లారాక ఇద్దరూ శిబిరంలో పక్కపక్కనే కూర్చుని నినాదాలిచ్చేవారు. ఎవరి సంగతి ఎవరు బయటపెట్టినా ఇద్దరూ మునుగుతారు గనుక సంగతి బయటికి రాలేదు.

కొడకండ్ల వైపు ఒక వ్యాపారి ఇట్లాగే చేసి దొరికాడు. అతని మెడలో మక్కకంకుల దండ వేసి, డప్పు కొడుతూ బజారంతా తిప్పారు. ఆ తర్వాత అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. కంకుల దండ అంటే చాలు, ఎవరో తెలిసేది. ప్రభాకర్‌కు ఆ దండ కలలోకి వచ్చేది. తాళం మార్చాలనుకున్నది అందుకే.

గోదాం మీది గదిలో ఆయన కొడుకు అభినవ్ ఉంటున్నాడు. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువు, కాలేజీ మూతపడితే ఇంటికి వచ్చాడు. భూపాలపల్లి బొగ్గు బావులు ఆగిపోవడంతో కరెంటు పూటకు కాసేపు వస్తే గొప్ప. టీవీ లేదు, కంప్యూటర్ లేదు. అందుకని అతను, పరుపుల దుకాణం ఇక్బాల్ కొడుకు ఆమెర్ కలిసి బల్ల మీద ఒక ఆట ఆడుతున్నారు. హాస్టల్లో నేర్చుకున్న ఆట అది. బల్ల మీద కోట పటం పరుస్తారు. ఒకడు కథ చెబుతాడు, రెండోవాడు అందులో సైన్యాధిపతి. ఎవరి కత్తి ఎవరికి తగిలిందో పాచికలు తేలుస్తాయి. ఒక్కొక్కరికి ప్రాణం ఇంత అని ఒక అంకె ఉంటుంది, దెబ్బ పడితే అది తగ్గుతుంది. ఆ వారం అభినవ్ కోట కోసం ఒక యుద్ధ మృగాన్ని తయారు చేశాడు. దానికి కోటపోతు అని పేరు పెట్టాడు.

గోదాంలో మక్కలు చెరిగే ఓదెమ్మ చేతికి రాజేశ్వరి చాయ్ గ్లాసులిచ్చి పైకి పంపింది. రాజేశ్వరి ప్రభాకర్ భార్య. ఓదెమ్మ పైకి వెళ్లేసరికి అభినవ్ మృగం పుట్టుక చెబుతున్నాడు.

"దీన్ని బోన్లనే ఈనిపిచ్చిన్రు. తల్లిది బోనే, దీనిది బోనే. అడివి ఎట్లుంటదో దీనికి ఎర్కలేదు."

"ఏం తింటది?" అన్నాడు ఆమెర్.

"మామూలప్పుడు గింజలు. యుద్ధం ముందు మేత బంద్. ఆకలి మీద ఇడుస్తరు. ఎదురొచ్చినోన్ని తొక్కుకుంట పోతది."

"ప్రాణం ఎంత?"

"నూట ఎనభై."

ఓదెమ్మ గ్లాసులు బల్ల మీద పెట్టింది. "మనిషికెంత ఉంటది నాయినా?"

"సిపాయికైతే ఇరవై. నీ అసోంటోళ్లకు ఆరు."

ఓదెమ్మ ఆ లెక్కను కాదనలేదు. యార్డులో ఆమెకు ఎవరూ అంతకంటే ఎక్కువ వేయలేదు. "మరి గదిప్పుడు ఏడున్నది?" అని అడిగింది.

"బోన్ల ఉన్నది," అన్నాడు అభినవ్ పటం మీద నుంచి తల ఎత్తకుండా. "టైమ్ వచ్చినప్పుడు ఇడుస్తం."

ఓదెమ్మ కిందికి దిగి చాయ్ హోటల్ ముందు నుంచి పోతుంటే బాల్‌సింగ్ ఆపాడు. బాల్‌సింగ్ హమాలీ సంఘం నాయకుడు. యార్డు మూసినప్పటి నుంచి అతనికి పని లేదు. పని లేనివాడికి పక్కవాడి పని మీద ధ్యాస ఉంటుంది.

"ఓదెమ్మక్కా, సేటు గోదాం బందే ఉన్నది. నువ్వు రోజు ఎందుకు పోతున్నవ్?"

"పిలుస్తున్నరు, పోతున్న."

"తెల్లారంగ ట్రాక్టర్లు వస్తున్నయ్. సందుల మక్కలు పడి ఉంటున్నయ్. లోపల గర్రుగర్రుమని ఈడుస్తున్న సప్పుడు. ఏందది?"

మక్కల సంగతి చెప్పనని ఓదెమ్మ రాజేశ్వరికి మాట ఇచ్చింది. మృగం సంగతి దాచమని ఎవరూ అనలేదు. ఆమె విన్నది విన్నట్టు చెప్పింది. బోను, ఆకలి, నూట ఎనభై ప్రాణం. "నేను కండ్లతోటి చూడలే. సేటు కొడుకే చెప్పిండు. టైమ్ వచ్చినప్పుడు ఇడుస్తరంట," అని ముగించింది.

బాల్‌సింగ్ గ్లాసు కింద పెట్టాడు. తెల్లవారుజామున ట్రాక్టర్లు ఎందుకొస్తున్నాయో, సందులో గింజలెందుకు పడుతున్నాయో, లోపల చప్పుడెందుకు అవుతుందో అతనికి ఒక్కసారిగా అర్థమైంది.

ఇంకో ఊరైతే నమ్మకపోయేది. కేసముద్రం నమ్మడానికి కారణం శిబిరం. అక్కడ రోజుకొక వృత్తివాళ్ల వంతు. వంతు వచ్చినవాళ్లు తమ పని రోడ్డు మీదికి తెచ్చి చూపాలి. క్షురకులు రోడ్డు మీద గడ్డాలు గీశారు. రజకులు రోడ్డు మీద ఇస్త్రీ చేశారు. ఆటోవాళ్లు తమ ఆటోలకు తాళ్లు కట్టి లాగారు. ఉపాధ్యాయులు ఒక బర్రెకు వినతిపత్రం ఇచ్చారు. బర్రె దాన్ని తిన్నది. జిల్లా పేజీలో అన్నిటికంటే పెద్ద ఫొటో దానిదే. శనివారం వర్తకుల వంతు. వర్తకుడు రోడ్డు మీద చేసి చూపగల పని అమ్మకం ఒక్కటే. సమ్మెలో అది నిషేధం. మరి వర్తకులు ఏం తెస్తారని ఊరు అప్పటికే ఎదురుచూస్తోంది.

ప్రభాకర్ తాళం కొనుక్కుని శిబిరానికి వచ్చేసరికి మండల జేఏసీ కన్వీనర్ గోప్యా సారు లేచి నిలబడ్డాడు. గోప్యా హైస్కూల్లో తెలుగు చెబుతాడు. ప్రభాకర్ కోసం ఆయన లేవడం అదే మొదలు.

"సేటు, జర ఇటు కూసో. మేం నిన్ను తప్పు పట్టినం. మాఫ్ చేయాలె."

ప్రభాకర్ చేతిలోని తాళాన్ని జేబులో వేసుకున్నాడు. "ఏం తప్పు సారూ?"

"తెల్లారంగ ట్రాక్టర్లు వస్తున్నయంటె నువ్వు దొంగతనంగ మక్కలు కొంటున్నవనుకున్నం. దండ గుడ కట్టిపిద్దమనుకున్నం. మేత అని మాకేం ఎర్క?"

"మేత," అన్నాడు ప్రభాకర్.

"అంత జానవరుకు మేత గావాలె గద," అన్నాడు బాల్‌సింగ్. "ఇన్ని రోజులు కడుపుల పెట్టుకున్నవ్. గట్టోనివే సేటు."

విలేకరి షాహిద్ పెన్ను తీశాడు. ఒక పత్రికకు కేసముద్రం వార్తలు అతనే రాస్తాడు. "మృగం ఏ జాతి, సేటు? పోలీసుల మీదికా, సీమాంధ్ర బస్సుల మీదికా?"

ఏ మృగమో ప్రభాకర్‌కు తెలియదు. కానీ మేత అనే మాట తన మెడలో పడాల్సిన దండను తీసేసిందని మాత్రం తెలిసింది. ఆయన షాహిద్ వైపు చూసి, చిన్నగా నవ్వి, "శనివారం చూస్తరు," అన్నాడు. వ్యాపారంలో ధర తెలియనప్పుడు ఆయన అనే మాట అదే.

ఇంటికొచ్చి కొడుకును పిలిచాడు. అభినవ్ ఆట సంగతంతా చెప్పాడు. ప్రభాకర్ సరుకు గురించి విన్నట్టు విన్నాడు.

"అంటే అసలు లేదు."

"కాయిదం మీద ఉన్నది బాపు."

"ఎంత పొడుగు?"

"ట్రాక్టరంత."

"కాళ్లు?"

"ఆరు."

"గన్ని ఎందుకు?"

"కోట తలుపు గుద్దేటప్పుడు ముందటి రెండు లేస్తయి. మీద పడకుంట నాలుగు కావాలె. ఒక్కటే తక్లీఫ్. బోన్ల పెరిగింది గదా, ఆకలైతే శత్రువు దిక్కు పోదు. మేత పెట్టినోని మీదికే తిరుగుతది."

రాజేశ్వరి తలుపు దగ్గర నిలబడి ఉంది. "పోయి చెప్పరాదు, లేదు, పోరగాండ్ల ఆట అని," అన్నది.

"లేదంటె మక్కలెవరు తిన్నరంటరు," అన్నాడు ప్రభాకర్.



గురువారం పేపర్లో షాహిద్ వార్త వచ్చింది. కేసముద్రంలో ఉద్యమం కోసం ఒక మృగాన్ని బోనులో పెంచుతున్నట్లు విశ్వసనీయంగా తెలిసిందని రాశాడు. ప్రాణం నూట ఎనభై అనే అంకె కూడా వేశాడు. ఏ కొలతలోనో రాయలేదు. తొమ్మిది కాకముందే జనగామ నుంచి ఫోన్ వచ్చింది. శనివారం సాయంత్రం తమకు పంపాలన్నారు. భూపాలపల్లి బొగ్గు కార్మికులు ఆదివారం అడిగారు. రేగొండ వాళ్లు దారిలో తమ చౌరస్తాలో ఆపితే చాలు, మేత తామే పెడతామన్నారు.

పది గంటలకు ఎస్సై వచ్చాడు. కోస్తా వైపు మనిషి. "ఏవండీ ప్రభాకర్ గారూ, ఆ జంతువును ఊరేగించాలంటే పర్మిషన్ ఉండాలండీ," అన్నాడు.

"ఎవరియ్యాలె సార్?"

"తహసీల్దార్ ఆఫీసు."

"ఆల్లు సమ్మెల ఉన్నరు."

ఎస్సై కాసేపు ఆలోచించాడు. పర్మిషన్ ఇచ్చేవాడు లేనప్పుడు పర్మిషన్ లేదని చెప్పేవాడు కూడా లేడని తేలింది. ఆయన చాయ్ తాగి, షట్టర్ ముందు ఒక కానిస్టేబుల్‌ను నిలబెట్టి వెళ్లాడు. వెనక సందు గురించి ఎవరూ చెప్పలేదు గనుక అక్కడ ఎవరినీ పెట్టలేదు.

ఆ వెంటనే ఫారెస్టు సెక్షన్ ఆఫీసర్, పశువుల డాక్టర్ కలిసి వచ్చారు. ఇద్దరూ సమ్మెలో ఉన్నారు. ఉద్యోగులుగా రాలేదని, మనుషులుగా వచ్చామని ముందే చెప్పారు.

"ఏ అడివిల పట్టిన్రు?" అన్నాడు ఫారెస్టు ఆయన.

"పట్టలే. బోన్లనే పుట్టింది. దీని తల్లిది గుడ బోనే," అన్నాడు ప్రభాకర్. కొడుకు చెప్పిన పాఠం ఆయనకు బాగా పనికొస్తోంది.

"అయితె గది అడివి జంతువు కాదు. మా కిందికి రాదు. డాక్టర్ సాబ్ కిందికి వస్తది."

"పెంపుడుదైతే నా కిందికే," అన్నాడు డాక్టర్. "సూది ఇయ్యాలె. సమ్మె అయినంక ఇస్త. ఒక్కసారి చూడొచ్చునా?"

"యుద్ధం ముందు మేత బంద్ పెట్టినం. ఆకలి మీద ఉన్నది. మనిషిని చూస్తె లేస్తది."

డాక్టర్ వాచీ చూసుకున్నాడు. ఫారెస్టు ఆయన అప్పటికే మెట్లు దిగాడు.

సాయంత్రం గోప్యా సారు ఒక్కడే వచ్చాడు. మొహంలో నిద్ర లేదు. ఊరంతా శనివారం కోసం చూస్తోందని, మృగం తప్పించుకుని ఎవరినైనా తొక్కితే కన్వీనర్‌గా తన పేరే ముందు వస్తుందని చెప్పాడు. ప్రభాకర్ ఆయన్ని ఇంకాసేపు భయపడనిచ్చి, "ఒక పని చేద్దాం సారూ. అసలుది లోపలనే ఉండనీ. దాని బొమ్మ చేసి ఊరేగిద్దాం," అన్నాడు.

గోప్యా ఊపిరి పీల్చుకున్నాడు. "మంచి మాట. ప్రతీక అంటె సరిపోతది. కానీ అసలు దాన్ని గుడ ఒక్కపారి చూపెట్టాలె. లేకుంటె జనం మనల్ని నమ్మరు. సోమవారం పొద్దున కమిటీ వస్తది, తలుపు సందుల నుంచి చూసిపోతది."

ఆయన వెళ్లాక ప్రభాకర్ కుర్చీలో కూర్చుండిపోయాడు. సోమవారం లోపు గోదాం ఖాళీ కావాలి. మృగం బోను విరగ్గొట్టుకుని అడవిలోకి పోయిందని చెప్పొచ్చు. మక్కలు అడవిలోకి పోయాయని చెప్పలేడు. దారి పొడుగునా ఉద్యమకారులు లారీలు ఆపి చూస్తున్నారు. గింజ కనిపిస్తే దించేస్తున్నారు. ఆపకుండా పోనిస్తున్నది ఉద్యమం బండ్లను మాత్రమే. జనగామలో ప్రభాకర్ బావమరిదికి కోళ్ల దాణా వ్యాపారం ఉంది. జనగామ జేఏసీ మృగాన్ని పంపమని అడిగింది. ఈ రెండు సంగతులు ఆయన తలలో పక్కపక్కకు వచ్చి నిలబడ్డాయి.

శుక్రవారం పొద్దున ఆయన ఇక్బాల్ దుకాణానికి వెళ్లాడు.

"ఇక్బాల్ భాయ్, ఒక బొమ్మ కుట్టాలె. ట్రాలీ మీద. ట్రాలీ కనపడొద్దు, బొమ్మనే కనపడాలె."

"సేట్, నేను పరుపులు కుడ్త. జానవర్లను ఎన్నడు కుట్టలే."

"పరుపు అనుకొనే కుట్టు. కాళ్లు పెట్టు."

ఆమెర్ పటం తెచ్చి పరిచాడు. ఇక్బాల్ కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. "ఆరు కాళ్లేందిరా? అల్లా నాలుగుతోని నడిపిస్తలేడా?"

"యుద్ధానికి పెంచింది అబ్బా."

"యుద్ధానికి పెంచితె కాళ్లు ఎక్కువైతయా? మెదడు తక్కువైతది," అని ఇక్బాల్ దబ్బనం తీశాడు. "నింపేటందుకు దూది లేదు సేట్. జిన్నింగ్ మిల్లు బంద్. గడ్డి అంత తడిసింది."

"నింపుడు నేను చూసుకుంట. సంచి గట్టిగ కుట్టు, చాలు."

ఇక్బాల్ జుమ్మా నమాజుకు పోయి వచ్చిన సమయం తప్ప రోజంతా కుట్టాడు. గోనెసంచులు విప్పి తోలు చేశాడు. బాలీసులు కాళ్లయ్యాయి. విరిగిన కాడి ముక్కలు కొమ్ములయ్యాయి. ట్రాక్టర్ వెనక ఉండే ఎర్ర అద్దాలు కళ్లయ్యాయి. రజాయి అస్తరు నాలుకయ్యింది. శనివారం తెల్లవారకముందే ప్రభాకర్, అభినవ్, ఆమెర్ కలిసి వెనక తలుపు నుంచి మక్కలు మోసి మృగం కడుపులో పోశారు. కడుపంటే పక్క రేకులు విప్పేసిన ట్రాలీ, దాని మీద కుట్టిన గోనె. చివర ఇక్బాల్ వచ్చి పొట్ట కుట్టేశాడు. లోపల ఏముందో చూశాడు. ఏమీ అడగలేదు. అతని బావ కూడా వెనక సందుకు ట్రాక్టర్ తెచ్చినవాడే.

మృగం శిబిరానికి చేరేసరికి సంఘాల వాళ్లు అక్కడ కొట్లాడుకుంటున్నారు. ఎవరి కండువా కట్టాలన్నది తగాదా. మండలంలో ఉద్యమం చేస్తున్న సంఘాలు ఆరు. కొమ్ములు రెండే అయినా కాళ్లు ఆరుండటంతో తగాదా తీరింది. ముందు కాలు ఎవరిదన్న తగాదా మొదలైంది.

బాల్‌సింగ్ వంగి చక్రాల వైపు చూశాడు. "సేటు, బొమ్మ గాలిల తేలాలె గద. టైర్లు కూసున్నయేంది?"

"ఇటుకలు పోసినం. గాలికి పడకుంట."

"నీ ముందుచూపు ఎవరికి రాదు," అన్నాడు బాల్‌సింగ్. నవ్వాడో లేదో ప్రభాకర్‌కు తెలియలేదు.

పన్నెండింటికి ఉపన్యాసాలు పూర్తిచేసి మృగాన్ని జనగామకు సాగనంపాలి. ప్రభాకర్ మెడలో బంతిపూల దండ వేశారు. ఆయన మైకు పట్టుకుని, అవసరమైతే ఈ మృగాన్ని సోమవారం దాకా రాత్రీపగలూ ఊరూరికీ పంపుతానని, ఖర్చు తనదేనని ప్రకటించాడు. చప్పట్లు మోగుతుండగా స్టేషన్ వైపు నుంచి డప్పులు వినిపించాయి. గొర్రెల కాపరులు సంఘీభావం తెలపడానికి వస్తున్నారు. తమ పని రోడ్డు మీదికి తెచ్చి చూపడం ఆచారం గనుక గొర్రెలను కూడా తెచ్చారు.

వాన తడికి మక్కల వాసన గోనె దాటి బయటికి వస్తోంది. మనుషులకు అది అందలేదు. ముందున్న గొర్రె నేరుగా కోటపోతు దగ్గరికి నడిచి, వెనక కాలి దగ్గర వేలాడుతున్న సుతిలి తాడు కొసను నోట పట్టుకుని లాగింది.

ఇక్బాల్‌కు తెలిసింది పరుపు కుట్టు. పరుపును ఏడాదికొకసారి విప్పి దూది ఏకాలి. అందుకని ఒక్క కొస లాగితే వరుసంతా ఊడిపోయేలా కుడతారు. అది ఊడిపోవడమే ఆ పనితనం. గొర్రె కొస లాగింది. తోక నుంచి మెడ దాకా పొట్ట తెరుచుకుంది. మక్కలు రోడ్డు మీదికి దిగాయి. మిగతా గొర్రెలు కాపరుల చేతి కర్రలను లెక్క చేయకుండా యుద్ధ మృగం మీద పడ్డాయి.

"నూట ఎనభై పోయినయ్," అన్నాడు ఆమెర్ మెల్లగా.

డప్పులు ఆగాయి. అవి ఎక్కడి మక్కలో అక్కడున్న సగం మందికి తెలుసు. ఎవరింటి గింజ ఎట్లా ఉంటుందో వాళ్లకు రంగు చూస్తే తెలుస్తుంది. కానీ ఇవి నావి అన్నవాడు సమ్మెలో అమ్ముకున్నవాడవుతాడు. రైతులు ఒకరినొకరు చూడకుండా గొర్రెలను చూశారు. ప్రభాకర్ బంతిపూల దండను రెండు చేతులతో పట్టుకున్నాడు. పూలు తీసేసి కంకులు వేయడానికి ఎంతసేపు పడుతుందో ఆయనకు తెలుసు.

షాహిద్ ఫొటో తీసుకున్నాడు. తీశాక దాని కింద ఏం రాయాలో తోచలేదు. "గోప్యా సారూ, దీని అర్థం ఏంది?" అని అడిగాడు.

గోప్యా సారు పాతికేళ్లుగా పద్యాలకు తాత్పర్యాలు చెబుతున్నాడు. అర్థం లేదని ఏనాడూ తరగతిలో ఒప్పుకోలేదు. ఆయన మైకు అందుకున్నాడు. "అర్థం కాలేదా? గీ మృగం ఎవరో గాదు, మన మీద పెత్తనం చేస్తున్న ప్రభుత్వం. రైతు కష్టాన్ని మింగి కడుపుల దాసుకున్నది. గొర్రెలసొంటోళ్లమని మనల్ని చులకన చేసిన్రు. గా గొర్రెలే ఇయ్యాల దాని పొట్ట చీల్చినయ్. ఇంతటి ప్రదర్శన ఉద్యమంల ఏడ జరగలే. ఆలోచన మన ప్రభాకర్ సేటుది."

చప్పట్లు కొట్టడంలో రైతులు అందరికంటే ముందున్నారు. ప్రభాకర్‌ను భుజాల మీదికి ఎత్తారు. తాను బతికిపోయానని ఆయనకు అక్కడ అర్థమైంది. దండ మెడలోనే ఉంది, పూలు పూలుగానే ఉన్నాయి. ఆయన చేయి ఊపాడు.

అప్పుడు బాల్‌సింగ్ అన్నాడు. "మరి అసలుది లోపలున్నది గద. బొమ్మే ఇంత మింగితె గదెంత మింగిందో. నడువుండ్రి, దాన్ని గుడ కక్కిపిద్దాం."

ఊరేగింపు గోదాం వైపు మళ్లింది. ప్రభాకర్ భుజాల మీద ఉన్నాడు గనుక ముందుగా చేరింది ఆయనే. ఎస్సై కూడా వచ్చాడు. తాళం కొత్తది, చెవి ఆయన జేబులోనే ఉంది. దించమని అడిగి, దిగి, వెనక తలుపు తెరిచాడు.

లోపల బోను లేదు, మృగం లేదు. కప్పు అంచు దాకా మక్క బస్తాలున్నాయి. మూల ఓదెమ్మ చాట ఉంది.

"సేటు," అన్నాడు బాల్‌సింగ్ నెమ్మదిగా, "గివి ఎవరియి?"

ప్రభాకర్ వెనక్కి తిరిగి చూశాడు. అమ్మినవాళ్లందరూ ఎదురుగానే ఉన్నారు. ఒకడు చెప్పుల వైపు, ఒకడు కప్పు వైపు చూస్తున్నాడు. నేను కొన్నాను అంటే కంకుల దండ. మృగం మేత అంటే మృగాన్ని చూపాలి. రాజేశ్వరి జనం వెనక నుంచి కళ్లతో ఏదో చెబుతోంది. ఆమె చెప్పేదాకా ఆగే వీలు లేదు.

"మీయే," అన్నాడు ప్రభాకర్.

ఆ మాట అన్నాక ఇంకేం చెప్పాల్సిన అవసరం రాలేదు. వానకు తడవకుండా రైతుల గింజను సేటు తన గోదాంలో కాపాడాడని గోప్యా సారు మైకు లేకుండానే చెప్పాడు. సాయంత్రానికి గోదాం ఖాళీ అయింది. అమ్మినవాళ్లు పట్టుకెళ్లారు. అమ్మనివాళ్లు కూడా పట్టుకెళ్లారు. మోత కూలీ అడగకుండా హమాలీలు ఒక్కో బస్తా తీసుకున్నారు. ఉద్యమ అవసరాలకని గోప్యా సారు నాలుగు బస్తాలు తన ఇంటికి పంపించాడు. ఎస్సై శాంతిభద్రతలు అదుపులో ఉన్నాయని వైర్‌లెస్‌లో చెప్పాడు. ఓదెమ్మ రోడ్డు మీద పడ్డవి ఊడ్చుకోవడానికి పోయింది. గొర్రెలు ఆమెకు పెద్దగా మిగల్చలేదు.

ఆదివారం జిల్లా పేజీలో బర్రెకంటే పెద్ద ఫొటో వచ్చింది. డివిజన్ జేఏసీ ప్రభాకర్‌ను ఉపాధ్యక్షుడిగా తీసుకుంది. అసలు మృగం ఏమైందని తర్వాత ఎవరూ అడగలేదు. అది ఒక ప్రతీక అని గోప్యా సారు చెప్పడం, బస్తాలు ఇళ్లకు చేరడం ఒకేరోజు జరిగాయి. అభినవ్ కోటపోతును ఆటలో నుంచి తీసేశాడు. సొంత యజమానిని ఇంతగా దెబ్బతీసే మృగాన్ని ఏ రాజూ పెంచుకోడని ఆమెర్ వాదించాడు.

సమ్మె విరమించిన తర్వాత యార్డు గేటు తెరిచారు. మొదటి రోజే మక్కల బండ్లు వరుస కట్టాయి. ప్రభాకర్ బ్యానర్ విప్పి, షట్టర్ ఎత్తి, కాంటా ముందు కూర్చున్నాడు. రైతులు ఒక్కొక్కరే వచ్చి బస్తాలు దించారు. వెలుతురులో, అందరి ముందు ధర తగ్గించడం కుదరలేదు. ఆయన ఒక బస్తాలో చేయి పెట్టి గింజ తీసి కొరికి చూశాడు. తేమ ఉందని అనబోయి ఊరుకున్నాడు. అది తన గోదాంలో ఎండిన గింజ.